కూర్చుని ఆడిన కలహాసిని

పూర్వం వేత్రవతీ తీరాన చిత్రకేతనుడనే రాజు ధర్మం తప్పక, శివపూజ మానక రాజ్యం ఏలుతుండేవాడు. సకలశాస్త్రాలూ చదివిన ఆ మహారాజుకు ఒక్క విషయంలో మాత్రం తెలివి తెల్లారింది. ప్రతి వసంతోత్సవంలోనూ గౌరీశంకరుల సన్నిధిలో నలభై ఏళ్లు నర్తించిన కలహాసినికి జుట్టు నెరిసిందని చూచి, "వాడిన పువ్వు పూజకు తగదు. ఇకపై నీవు తెర వెనుక తాళం వేయవలసినది" అని ఆజ్ఞాపించాడు. ఆ నర్తకీమణి ఎదురాడక, తన గజ్జెలు విప్పి, శిష్యురాలు మదయంతి కాళ్లకు తానే కట్టి, తెర వెనుకకు వెళ్లి అక్కడ ఏడ్చింది.

ఆ ఏడు కరుణామయి అయిన జగన్మాత అపర్ణ, ముత్తైదువ రూపంలో ఉత్సవానికి వచ్చి స్త్రీల నడుమ కూర్చుంది. మదయంతి మెరుపులా ఆడింది. కాని అడవిలో తప్పిపోయిన బిడ్డను తల్లి వెదకే ఘట్టం రాగానే, ఆ పిల్ల చేతులు ముద్రలు పట్టాయే గాని చూపులో బిడ్డ లేదు. తెర వెనుక కలహాసిని తనను తాను మరచి, తాళాలు జారవిడిచి చేయి చాచింది. వెనుకనున్న దీపాల వెలుగులో ఆ చేతి నీడ తెరపై పడింది. దానిని చూచి జగన్మాతకు కన్నీరు ఆగలేదు.

"ఆ చేయి ఎవరిది? తెర తీయించు నాయనా!" అంటూ నిజరూపంతో లేచిన సింహవాహినిని చూచి రాజు గడగడలాడుతూ తెర లాగించాడు. కలహాసిని స్తంభం పట్టుకుని, "అమ్మా! ఈ మోకాళ్లు నా మాట వినడం లేదు. నిలబడి ఆడలేను, మన్నించు" అన్నది.

"నేను మోకాళ్లు చూడ రాలేదమ్మా. కూర్చునే ఆడు. ఆ బిడ్డ దొరికిందో లేదో తెలియక నా ప్రాణం కొట్టుకుంటోంది."

మదయంతి పరుగున పీట తెచ్చి వేసింది. కలహాసిని కూర్చుని, కనుబొమతో, వేలికొసలతో, వణికే పెదవితో అడవినంతా వెదకి, చివరకు బిడ్డను ఒడికి చేర్చుకున్నది. ఆ ఖాళీ ఒడిలో బిడ్డ అందరికీ కనబడింది.

అప్పుడు దేవి, "చిత్రకేతనా! నిత్యం మారేడుతో మా స్వామిని అర్చిస్తావే, ఆ దళం వాడినా పూజకు తగునని ఎరుగవా?" అనగా రాజు సిగ్గుతో తలవంచాడు. "కలహాసినీ, యౌవనం ఇవ్వనా?" అని దేవి అడిగింది.

"వద్దు తల్లీ. ఇప్పటికే చాలా ఇచ్చావు. పడుచుదనం వస్తే ఆ బిడ్డను మళ్లీ మొదటినుంచి వెదకాలి. నాబోటివాళ్లకు సభ నడుమ కూర్చునే చోటు ఇప్పించు, అదే పదివేలు" అని ఆమె చేతులు జోడించింది.

దేవి తథాస్తు అని అంతర్ధానమైంది. నాటినుండి ఆ రాజ్యంలో తల నెరిసిన నర్తకి సభకు వస్తే, రాజే లేచి పీట వేసేవాడు. ఈ కథ చెప్పిన నాకూ, విన్న మీకూ, మనకు అడుగు నేర్పిన తల్లులను తెర ముందు కూర్చోబెట్టే బుద్ధిని ఆ అపర్ణ ప్రసాదించుగాక.