కామందు నక్క సొంత రేవు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, మడచెట్లు వెయ్యేసి కాళ్ళు నీళ్ళలోకి దించుకుని నిలబడ్డ చోట, బైరాగి అనే కొంగ కాపురం. కొంగంటే మామూలు కొంగ అనుకునేరు! ఆయన మెడ సాచితే మబ్బుకి కితకితలు పుట్టేవి. రెక్క విదిలిస్తే అవతలి గట్టున ఆరేసిన వలలు ఎగిరిపోయేవి. ఇక చూపు సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఏటి అడుగున రొయ్య మీసం దువ్వుకుంటుంటే కొమ్మ మీంచి చూసి, "ఎడమ పక్క చిక్కు పడింది, మళ్ళీ దువ్వుకో" అని చెప్పేవాడట. రొయ్యలు ఈ మాట ఒప్పుకోలేదు గానీ, బైరాగి మాత్రం రోజుకి మూడుసార్లు చెప్పుకునేవాడు.

ఆ ఏట్లోనే వరాలు అనే నీటావు తిరిగేది. నీటావుకి కొమ్ములూ గిట్టలూ వెతక్కండి, ఉండవు. పడవంత ఒళ్ళు, విసనకర్రలాంటి తోక, పసిపిల్ల బుగ్గల్లాంటి మూతి. ఏటి అడుగున గడ్డి మేసుకుంటూ, ఉండుండి ముక్కు మాత్రం పైకి పెట్టి 'ఫూ' అని ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగేది. ఎవరి జోలికీ పోయేది కాదు. నిదానం అంటే అలాంటిలాంటి నిదానం కాదు. పొద్దున్న మొదలుపెట్టిన ఆవులింత సాయంత్రానికి గానీ పూర్తయ్యేది కాదు.

ఆ గట్టునే కామందు నక్కకి ఇల్లుంది, పడవుంది. లేనిదల్లా రేవు. పడవ దిగిన ప్రతిసారీ మోకాటిలోతు బురద. తోకకి అంటిన బురద ఆరడానికి రెండు రోజులు, దులుపుకోవడానికి మరో రెండు రోజులు. పైగా కూతుర్ని అవతలి లంకలో ఇచ్చాడు. వచ్చే పున్నమి పోటుకి వియ్యాలవారు పడవేసుకుని వస్తామని కబురు పెట్టారు.

"వియ్యంకుడి కాలికి బురదంటితే నా పరువు ఏట్లో కలిసినట్టే" అనుకుంటూ నక్క ఏటికి పెద్దదిక్కైన తాబేలు మామ్మ దగ్గరికి పరిగెత్తాడు. "మామ్మా, సొంతానికి ఒక చిన్న రేవు కట్టుకుంటాను."

"కట్టుకో నాయనా, ఎవరొద్దన్నారు? గట్టు నీది. నీళ్ళు మాత్రం అందరివీ."

"చిత్తం మామ్మా."

"చిత్తం తరవాత, ముందు విను. పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు వదులు. ఎండ దిగకపోతే అడుగున గడ్డి చచ్చిపోతుంది, అప్పుడు వరాలు ఏం తింటుంది? గుంజలు దిగ్గొట్టేటప్పుడు పైన ఒకరు కాపలా ఉండాలి. చుట్టూ యాభై బారల్లో నీటావు ఉన్నంతసేపూ పని ఆగాలి, పడవ కదలకూడదు. అది తనంతట తాను వెళ్ళాలి. తరిమావో, నేనూరుకోను."

"దాని నిదానం నీకు తెలీనిదా మామ్మా? అది వెళ్ళేసరికి నా మనవలకి పెళ్ళిళ్ళయిపోతాయి!"

"దానికి తొందర లేదు. తొందర నీది. నీ తొందర నువ్వే మొయ్యి."

పైన కొమ్మ మీంచి బైరాగి గొంతు సవరించుకున్నాడు. "కాపలా నేనుంటాను మామ్మా! నా కన్నుగప్పి ఈ ఏట్లో నీటిబుడగ కూడా పుట్టదు."

మామ్మ ఒకసారి తల బయటికి పెట్టి చూసి, "ఉండు మరి" అంది.

మర్నాడే పని మొదలైంది. దిమ్మిస రాయి లాగడానికి ముసలి ఎద్దు లింగన్న వచ్చాడు. ఆ రాయి చిన్న కొండంత ఉండేదని చూసినవాళ్ళు చెబుతారు. లింగన్న మోకు మెడకి తగిలించుకుని వెనక్కి నడిస్తే రాయి పైకి లేచేది. కొంగ "వదులు!" అనగానే వదిలేవాడు. అది గుంజ నెత్తిన పడితే ఏడూళ్ళ కుండలు గలగలమనేవి.

"చూసి మరీ చెప్పు బావా" అన్నాడు లింగన్న మొదటి రోజే. "లాగినంతసేపే అది నా చేతిలో ఉంటుంది. వదిలాక మళ్ళీ పట్టుకోలేను."

"నువ్వు మోకు చూసుకో, నీళ్ళు నేను చూసుకుంటా" అన్నాడు బైరాగి.

నిజం చెప్పాలి, బైరాగి నిజాయితీపరుడు. నక్క రెండోనాడే ఆకులో చుట్టిన బొమ్మిడాయిలు పట్టుకొచ్చి, "కాస్త చూసీచూడనట్టు..." అని నసిగితే, "ఆ మాట ఇంకోసారి అంటే ఈ ముక్కుతో నీ మీసం పీకుతాను" అన్నాడు. వరాలు ముక్కు పైకి రావడం ఆలస్యం, "ఆపు!" అని అరిచేవాడు. లింగన్న ఆపేసి నెమరు వేసుకునేవాడు. నక్క గట్టు మీద గింగిరాలు తిరిగేవాడు.

ఒకరోజు వరాలు గుంజల పక్కకే వచ్చి, "నా వల్ల మీ పని చెడుతోంది కదన్నయ్యా?" అంది.

"పని ఎక్కడికి పోతుంది చెల్లెమ్మా, మెల్లిగా మెయ్యి. నీ మూతి మీద పదమూడో వెంట్రుక వంకర తిరిగింది, చూసుకున్నావా?"

"అది కూడా కనబడుతోందా?"

"అదేం చూపు! నీ కడుపులో దూడ ఇప్పుడు కుడి పక్కకి తిరిగి పడుకుంది. రేపు అది బయటపడితే నువ్వు చూసేలోపు నేను చూస్తా. బురద గానీ, చీకటి గానీ, నాకు అడ్డేముంది?"

వరాలు పెద్ద నవ్వు నవ్వింది. ఆ నవ్వుకి ఏటి రెండు గట్లూ తడిశాయి. "మొదటిసారి కన్నప్పుడు పిల్లని వదిలి పక్కకి వెళ్ళలేక పస్తులున్నానన్నయ్యా. ఈసారి ఆ దిగుల్లేదు" అని మునిగిపోయింది.

పున్నమి ఇంక మూడు రోజులుందనగా రేవు దాదాపు అయిపోయింది. ఆఖరి గుంజ ఒక్కటే మిగిలింది. కానీ వరాలు కదలదు. రెండు రోజులుగా ఆ గుంజల మధ్యే, నీడలో, అటూ ఇటూ దొర్లుతోంది. మేతకి కూడా పోవడం లేదు. గుంజలు దిగ్గొట్టిన బురద ఆమె దొర్లుడికి మళ్ళీ మళ్ళీ లేచి నీళ్ళు చోడిజావలా చిక్కబడ్డాయి. బైరాగికి ఆమె ముక్కు తప్ప మరేమీ కనబడటం లేదు. నీడ హాయిగా ఉందేమోలే అనుకున్నాడు. ఒకసారి ఆమె 'ఫూ' వెనకాలే, గుంజ చాటున, చిన్న 'ఫూ' మరొకటి వినబడింది. అల కొట్టుకుందిలే అనుకున్నాడు. ఆయన గొప్పంతా కళ్ళతో కదా, చెవుల మాట వినే అలవాటు లేదు.

నక్క ఊరుకుంటాడా? తూటికాడ ఒక పెద్ద మోపు కోయించాడు, లేతది, వాసనకే నోరూరేది. దాన్ని ఏటి మలుపు దగ్గర నీళ్ళలో వదిలించాడు.

"ఇదేంటి దొరగారూ? తనంతట తాను వెళ్ళాలన్నారు మామ్మ" అన్నాడు బైరాగి.

"నేనేమైనా కర్ర పట్టుకున్నానా? ఆకలేసి వెళ్తే తనంతట తాను వెళ్ళినట్టు కాదా? రెండు రోజులై పస్తులుంటోంది, ఓ ఆడకూతురికి నాలుగు కాడలు పెట్టడం కూడా తప్పేనా బైరాగిగారూ?"

బైరాగి ఆలోచనలో పడ్డాడు. ఆ లోపే వాసన నీళ్ళ మీదుగా వచ్చేసింది. వరాలు కదిలింది. పది బారలు వెళ్ళి ఆగింది, వెనక్కి చూసింది. మరో పది వెళ్ళి మళ్ళీ చూసింది. కొమ్మ మీద తిన్నగా నిలబడ్డ బైరాగిని చూసి, నిమ్మళంగా తల తిప్పుకుని, మలుపు దాటిపోయింది.

"పోయిందా?" అన్నాడు లింగన్న. అప్పటికే మోకు బిగించి రాయి పైకి లాగాడు.

"పోయింది."

"అడుగున ఇంకేమైనా ఉందేమో చూడు బావా. రెండు రోజులు ఇక్కడే పట్టుకు వేలాడింది, నాకెందుకో మనసు ఒప్పటం లేదు."

బైరాగి మెడ వంచి చూశాడు. బురద. ఒక కన్నుతో చూశాడు, రెండో కన్నుతో చూశాడు. బురదే. ఆయన జన్మలో మొదటిసారి నీళ్ళు ఆయనకి ఏమీ చెప్పలేదు. కాసేపు తేటపడనిద్దాం అందామని నోరు తెరిచాడు.

నక్క ఆ మొహం చూశాడు. నక్కలకి మొహాలు చూడటంలో ఉన్న చదువు ఏ బడిలోనూ దొరకదు. మెల్లిగా, ఎంతో జాలిగా అన్నాడు, "కనబడటం లేదా బైరాగిగారూ? పోనీలెండి, మొహమాటమెందుకు, వయసు మీద పడ్డాక ఎవరికైనా చూపు మందగిస్తుంది. ఆ లకుముకి పిట్టని పిలుస్తాను. కుర్రది, చూసి చెబుతుంది."

గట్టు మీద పీతలు కిసుక్కుమన్నాయి.

బైరాగి మెడ నిటారుగా లేచింది. "ఎవరికి మందగించింది? నాకా? అడుగున ఇసకరేణువులు లెక్కపెట్టి చెప్పమంటావా? ఏమీ లేదక్కడ. లింగన్నా, వదులు!"

లింగన్న వదిలాడు.

ఆ దెబ్బకి ఏడూళ్ళ కుండలు కాదు, ఒక్క ఆకు కూడా కదల్లేదు. రాయి కింద గుంజ మెత్తగా, తక్కువ చప్పుడుతో దిగింది.

"బావా," అన్నాడు లింగన్న మోకు పట్టుకుని, "ఇది మట్టి కాదు."

గుంజ పక్కన నీళ్ళు తిరిగాయి. చిన్న తోక ఒకటి, మామ్మ డిప్పంత కూడా లేదు, పైకి తేలింది. రెండు రోజుల దూడ. దాని మూతి మీద వెంట్రుకలింకా సరిగ్గా మొలవలేదు. ముక్కు పైకి పెట్టి ఊపిరి తీయబోయింది. సగమే తీయగలిగింది.

ఏటి మలుపు దగ్గర నీళ్ళు పగిలాయి. నిదానం తప్ప మరొకటి తెలియని వరాలు, ఆ రోజు పోటు కంటే వేగంగా వచ్చింది. నోట్లో తూటికాడ ఇంకా నమలకుండానే ఉంది.

"అన్నయ్యా, నా పిల్లని చూశావా?"

ఆమే చూసుకుంది. నోట్లో కాడ జారిపోయింది. దూడ కిందికి వెళ్ళి, దాన్ని వీపు మీదికి ఎత్తి, ముక్కు గాలికి తగిలేలా పట్టుకుంది. "ఫూ అను" అంది. "ఒక్కసారి, ఫూ అనమ్మా." పోటు వచ్చింది, వెనక్కి తీసింది, మళ్ళీ పోటు వచ్చింది. వీపు దించలేదు.

చివరికి బైరాగి కొమ్మ దిగి నీళ్ళ అంచుకి వచ్చాడు. మెడ ఎంత దించాడంటే ముక్కు బురదకి తగిలింది. "చెల్లెమ్మా, ఒక్క మాట చెప్పి వెళ్ళి ఉంటే..."

"చెబుదామనే అనుకున్నానన్నయ్యా. నీకు చెప్పేదేంటి, ఎప్పుడో చూసే ఉంటావు అనుకున్నాను. నువ్వు పైన ఉన్నావని చూసే కదా మేతకి వెళ్ళాను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బైరాగికి కాస్త సులువయ్యేది.

రెండోనాడు నక్క తలకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. "పాపం, ఘోరం జరిగింది. రాత్రి నేను ముద్ద ముట్టలేదు. సరే, జరిగిందేదో జరిగింది, ఆ ఒక్క గుంజా అయిపోతే... ఎల్లుండే పున్నమి."

లింగన్న మోకు ముట్టుకోలేదు. బైరాగి వైపు చూశాడు.

"నీటావు ఉంది" అన్నాడు బైరాగి. "ఆపు."

పున్నమి పోటుకి వియ్యాలవారి పడవ రానే వచ్చింది. ఆఖరి గుంజ మీద నిలబడి బైరాగి ఏరంతా దద్దరిల్లేలా అరిచాడు, "ఆగండి! యాభై బారల్లో నీటావు ఉంది, పడవ కదలకూడదు!" పడవ అక్కడే ఆగింది. వియ్యంకుడు పట్టు పంచె పైకి దోపుకుని తొడలోతు బురదలో దిగాడు. నడుం దాకా మునిగాక, పలకరించకుండానే వెనుదిరిగాడు.

నక్క మామ్మ దగ్గర మొత్తుకున్నాడు. "తనంతట తాను వెళ్ళాలి నాయనా, ఒప్పుకున్నావు కదా" అంది మామ్మ. మళ్ళీ తూటికాడ తెప్పించాడు, మోపుల మీద మోపులు వదిలాడు. అవి వరాలు ముందు నుంచే కొట్టుకుపోయాయి. ఒక్క ఆకు కొరకలేదు. దూడ నీళ్ళలో కలిసిపోయాక కూడా ఆ గుంజల మధ్యే తిరిగింది. రోజు రోజుకీ ఒళ్ళు తగ్గింది, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. నక్క పడవకి నత్తగుల్లలు పట్టి, అదే నత్తల ఊరైపోయింది.

వానలు మొదలై ఏరు ఎర్రగా పొంగిన రోజుల్లో, ఒక పొద్దున వరాలు ముక్కు పైకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారమైంది. నక్క ఎగిరి గంతేసి వచ్చాడు.

"పోయింది కదా బైరాగిగారూ! ఇంకెందుకు ఆలస్యం, లేదని చెప్పండి, రాయి ఎత్తిస్తాను!"

బైరాగి నీళ్ళలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ సముద్రం వైపు పోతున్నాయి.

"కనబడటం లేదు" అన్నాడు.

"అంటే లేనట్టే కదా?"

"ఏమో. నాకు తెలీదు."

"ఏంటయ్యా! ఈ ఏట్లో రొయ్య మీసం లెక్కపెట్టేవాడివి, తెలీదంటావేంటి? లకుముకి పిట్టని పిలవనా? చూపు పోయిందని ఊరంతా చెప్పనా?"

"చెప్పండి దొరగారూ. నాకు కనబడటం లేదనే చెప్పండి."

నక్క గట్టు మీద గింగిరాలు తిరిగాడు. పొగడ్తకి లొంగడు, ఎత్తిపొడుపుకి రేగడు, అలాంటివాణ్ణి ఏ ఎత్తు వేసి పడగొట్టేది? రేపు చెబుతాడేమోనని మర్నాడొచ్చాడు, ఆ మర్నాడొచ్చాడు. ప్రతిరోజూ బైరాగి చాలాసేపు చూసేవాడు, ప్రతిరోజూ తెలీదనేవాడు. ఎగువన పడ్డ వానలకి ఏరు తేటపడనే లేదు. ఆ రేవు ఇంకో గుంజ చూడకుండానే పుచ్చిపోయింది.

తెలియదని చెప్పలేనివాణ్ణి కాపలా పెడితే అతని గొప్ప దక్కుతుంది, అతన్ని నమ్మినవాళ్ళ బిడ్డ దక్కదు.