ఎద్దుకు ఒకే ధర

ఒకానొక ఏటికి ఇవతలి ఒడ్డున గజసింహ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. అవతలి ఒడ్డు మల్లభూపాలుడిది. గజసింహుడికి కోట ఉంది, కొలువు ఉంది, మెడనిండా ముత్యాలున్నాయి. లేనిదల్లా నిద్ర. ఎందుకంటే అవతల మల్లభూపాలుడి పశువుల సంత కిటకిటలాడుతోంది. ఇవతల తన సంతలో ఈగలు తోలుకుంటున్నారు.

సంతరోజున రాజు బురుజెక్కి ఏటి అవతలికి చూసేవాడు. చూసినకొద్దీ కడుపు మండేది.

"చూశావా బాచరసూ! వాడి సంతలో దుమ్ము కూడా మన దుమ్ముకంటే ఎత్తుకు లేస్తోంది!" అన్నాడు మంత్రితో.

అసలు సంగతి ఏమిటంటే, ఇవతలి సంతను చంపింది ఈ మంత్రి బాచరసే. పశువుల సంతలో బేరం ఎలా సాగుతుందో తెలిసినవాళ్లకు తెలుసు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద కండువా కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టి ధర చెప్పుకుంటారు. నోరు మెదపరు. పక్కవాడికి తెలియదు. కుదిరితే కండువా తీస్తారు, లేకపోతే దులుపుకుని లేస్తారు. తాతల నాటి నుంచీ అంతే.

బాచరసు ఇది ఓర్వలేకపోయాడు. "నాకు తెలియకుండా ఆ గుడ్డ కింద ఏం జరుగుతోంది?" అని మండిపడి, శాసనం వేయించాడు. కండువా బేరం నిషిద్ధం. రాజ్యంలో ఏ ఎద్దుకైనా ఒకే ధర. ఆ ధరకు ఇవ్వనన్నవాడికి కొరడా దెబ్బలు. ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పడం రానివాడు ఎద్దుకు ధర కట్టాడు! దాన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించను.

అన్నిటికీ ఒకే ధర అనేసరికి మంచి ఎద్దులన్నీ బల్లకట్టెక్కి ఏరు దాటాయి. ఇవతల కుంటివీ ముసలివీ మిగిలాయి.

"దీనికి మందు ఉంది ప్రభూ," అన్నాడు బాచరసు. "రేవులో భటుల్ని పెడదాం. పశువుల్ని ఏరు దాటించబోయినవాడి పశువులు కోటకు జమ."

"శభాష్! పెట్టు!" అన్నాడు రాజు.

ఈ మాట ఊళ్లోకి పాకింది. సూరమ్మ అనే రైతు పరుగెత్తుకుంటూ ఓబన్న ఇంటికి వచ్చింది. ఓబన్న కొలువులో చమత్కారి. రాజును నవ్వించగలడు కాబట్టి బాచరసుకు అతనంటే కంట్లో నలుసు.

"నాయనా ఓబన్నా, నా కోడెల జతను దూడలప్పటి నుంచీ చేత్తో మేపి పెంచాను. వాటిని అమ్మి చేలో బావి తవ్వించుకుందామనుకున్నాను. ఇక్కడ అమ్మితే సగం బావి కూడా తవ్వించలేను. అవతలికి తోలితే కోడెలే పోతాయి. నేనేం చెయ్యను?"

"తోలుకుని సంతకు రా అవ్వా. ఈసారి రాజుగారు కూడా వస్తారు," అన్నాడు ఓబన్న.

అన్నట్టే సంతరోజున రాజు ఊరేగింపుగా వచ్చాడు. ముందు ఆయన ప్రాణంలా చూసుకునే తెల్ల ఎద్దు, ఐరావతం, పట్టుగుడ్డ కప్పుకుని నడుస్తోంది. మల్లభూపాలుడికి లేనిది అదొక్కటేనని రాజుకు గొప్ప.

ఎదురుగా ఓబన్న ఒక ఎద్దును ఈడ్చుకుంటూ వచ్చాడు. దాని కొమ్ము ఒకటి విరిగింది. తుంటి ఎముకకు చొక్కా తగిలించుకోవచ్చు. మూడు కాళ్ల మీద నిలబడి, నాలుగోదాన్ని మోపాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"ప్రభూ, దీన్ని తీసుకుని ఐరావతాన్ని నాకిప్పించండి."

"మతి పోయిందా ఓబన్నా?"

"మతి ఉంది ప్రభూ, తమ శాసనమూ ఉంది. ఏ ఎద్దుకైనా ఒకే ధర. ధర సమానమైతే మార్పిడికి అడ్డేముంది? ఇవ్వనన్నవాడికి కొరడా దెబ్బలని కూడా రాశారు. ఆ మాట నేను చదవను, నాకు భయం."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ శాసనం ప్రజలకు!" అని అరిచాడు బాచరసు.

"అందులో ఎద్దు అని ఉందండీ, ఎవరి ఎద్దో లేదు."

రాజు ముఖం కందగడ్డ అయింది. "ఐరావతం మూపురం చూడు! ఆ నడక చూడు! దాన్ని పెంచినవాడి కష్టం చూడు! ఆ రెండూ ఒకటేనంటావురా?"

"నేననలేదు ప్రభూ, తమ ముద్ర అంది."

"నా కోడెల నడక కూడా చూడండి దొరా!" అని వెనక నుంచి సూరమ్మ కేకేసింది.

బాచరసు రాజు చెవి దగ్గరికి వంగాడు. "ప్రభూ, కోట ఎద్దులకు వేరే తరగతి పెట్టి, వేరే ధర కడదాం."

"బాగుంది మంత్రిగారూ," అన్నాడు ఓబన్న. అతని చెవులు పాము చెవులు. "తర్వాత సూరమ్మ కోడెలకొక తరగతి, కుంటిదానికొకటి, గుడ్డిదానికొకటి. రాజ్యంలో ఎన్ని ఎద్దులో అన్ని తరగతులు కట్టేదాకా తమకు తీరికుండదు. ఆ పనే కదండీ ఇన్నాళ్లూ ఒక కండువా జీతం లేకుండా చేసింది!"

రాజు ఐరావతం మూపురం నిమిరాడు. అందరి ముందూ తన శాసనాన్ని తానే కాదనలేడు. పళ్లు కొరుకుతూ ఐరావతం పగ్గం ఓబన్న చేతిలో పెట్టాడు. కానీ చెయ్యి వదల్లేదు.

"ఓబన్నా... దీన్ని మళ్లీ నాకు అమ్ముతావా?"

"ఎందుకమ్మను ప్రభూ? కాకపోతే కండువా పరచాలి. దానిమీద నిషేధం ఉంది."

"తీసేశాను! కూర్చో!"

రాజు నేలమీద చతికిలబడ్డాడు. చేతులమీద కండువా పడింది. రాజు కనుబొమలు పైకి లేచాయి. తల అడ్డంగా ఊపాడు. చెయ్యి లాక్కున్నాడు, మళ్లీ దూర్చాడు. ఓబన్న ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి రాజు పెదవుల మీద నవ్వు పుట్టింది. కండువా తీసి ఎగరేశాడు.

"బాచరసూ! నా రాజ్యంలో నాకు తెలియని ఇంత సరదా ఉందా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

బేరం ఎంతకు కుదిరిందో మంత్రి ఎంత మెడ సాచినా తెలియలేదు. ఒకే ధర శాసనం అక్కడికక్కడే చింపించారు. రేవు భటులు ఇళ్లకు పోయారు. కొన్నాళ్లకే అవతలి ఒడ్డు బేరగాళ్లు ఇవతలికి రాసాగారు. సూరమ్మ కోడెల కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఆ వేసవిలోనే ఆమె బావిలో నీళ్లు పడ్డాయి.

రాజు ఓబన్నను కొలువుకు పిలిపించాడు. "నిన్ను సంతాధికారిని చేస్తున్నాను," అన్నాడు. బాచరసు కళ్లలో నిప్పులు పోసుకున్నాడు.

"వద్దు ప్రభూ," అన్నాడు ఓబన్న. "అధికారి అన్నాక ఏదో ఒక పని చెయ్యాలి. పని లేకపోతే కల్పించుకుంటాడు. నన్ను కూర్చోబెట్టినా అంతే. ఆ పదవే లేకుండా చెయ్యండి, అదే నాకు బహుమానం."

రాజు మళ్లీ నవ్వాడు. అయినా మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. తర్వాత దగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు: "మన సంత చూసి ఇప్పుడు ఆ మల్లభూపాలుడు ఏం చేస్తుంటాడంటావు?"

"కుళ్లుకుంటుంటాడు ప్రభూ."

"కుళ్లుకుని?"

"మంత్రిని పిలిచి ఒక శాసనం రాయిస్తుంటాడు."

"అయ్యో! మరి మనమేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకండి ప్రభూ. అడ్డుకోకుండా ఉంటే చాలు, అక్కడ మిగిలిన బేరగాళ్లు కూడా ఇటే వస్తారు."

గజసింహుడు కొలువు దద్దరిల్లేలా నవ్వాడు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడట. బాచరసు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.