కారుతున్న కారు కింద పెసరట్టు

వేములపాలెంలో బుద్ధివారి ఇల్లు ఏదని అడిగితే ఉయ్యాల్లో పిల్ల కూడా వేలు చాపి చూపిస్తుంది. గుమ్మం మీద ‘ఆలోచించి అడుగు వేయవలెను’ అని ఏనుగంత అక్షరాలతో రాసి ఉంటుంది మరి. అందుకని ఆ ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళాలన్నా గడప దగ్గర కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి, తీరిగ్గా ఆలోచించి, అప్పుడు రెండో కాలు కింద పెడతారు. పాలకని వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి చెంబులో పాలు పెరుగైపోయి ఉండేవి. అయినా తెలివంటే తమదేనని వాళ్ళకి గట్టి నమ్మకం. ఊళ్ళోవాళ్ళు ఆలోచించకుండానే నడిచేస్తున్నారని రోజూ జాలిపడేవాళ్ళు.

ఆ ఇంటి పెద్ద భద్రాచలం. అతని పెళ్ళాం సూరమ్మ, తమ్ముడు ముత్యాలు, వాకిట్లో ఓ పాత తెల్లకారు. ఇంత తెలివి పెట్టుకున్నా వాళ్ళకి ఎవరూ ఏ పనీ అప్పగించేవారు కాదు. అలాంటిది ఓ రోజు మేనమామ పాపారాయుడు వచ్చి కూర్చున్నాడు.

“ఒరే భద్రం, శుక్రవారం మన వరహాలు పెళ్ళి. వాణ్ణి మండపానికి చేర్చే పూచీ నీది. మండపం ముందు నా కొడుకు కారులోంచే దిగాలి. ఇందులో తేడా వచ్చిందంటే మళ్ళీ మీ గడప తొక్కను.”

భద్రాచలానికి కళ్ళు చెమర్చాయి. తండ్రి పోయాక తమని సాకినవాడు మావయ్య. పైగా పుట్టి బుద్ధెరిగాక తనకి దొరికిన మొదటి పని ఇది. వెంటనే కారుని నూకరాజు షెడ్డుకి తోలుకెళ్ళి సర్వీసు చెయ్యమన్నాడు. నూకరాజు పాత నూనె తీసేసి, అడుగున నూనె దిగే చోట బోల్టుని చేత్తో కాస్త తిప్పి, కొత్త నూనె పోసి, బోల్టుని గట్టిగా బిగించడానికి రెంచి కోసం లేచాడు. అప్పుడే టీ వచ్చింది. అంతే, బోల్టు సంగతి టీతో పాటే దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న కారు కింద నల్లటి మచ్చ. మొదట రూపాయంత, మధ్యాహ్నానికి పళ్ళెమంత, పొద్దు వాలేసరికి గేదె దిగి పొర్లేంత.

“సూరమ్మా, కారు కారుతోందే,” అన్నాడు భద్రాచలం.

“కారక? కారుతుంది గనకే దాన్ని కారన్నారు. కారకపోతే అప్పుడు కంగారు పడాలి.”

“మరి బస్సో, వదినా?” అని ముత్యాలు సందేహం.

“అది ఆగినప్పుడల్లా బుస్సుమనదూ?”

మాట న్యాయంగానే ఉంది. అయినా మావయ్య మొహం గుర్తొచ్చి భద్రాచలం నూకరాజుకి ఫోను చేశాడు. సర్వీసు చేసిన కొత్తలో అవన్నీ మామూలేననీ, నాలుగు రోజులు చూడండనీ నూకరాజు అక్కణ్ణించే తేల్చేశాడు.

ఇంకేముంది, ముగ్గురూ కారు ముందు కుర్చీలేసుకుని చూడ్డం మొదలెట్టారు. రెప్ప వేస్తే చూసినట్టు కాదని ముత్యాలు కంటిరెప్పలకి పుల్లలు ఆనించుకున్నాడు. కాకి వచ్చి అతని నెత్తి మీద గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లల్ని ఎగరేసింది కూడా. కారు మాత్రం, ఇంతమంది చూస్తున్నారు కదా అని, ఇంకాస్త హుషారుగా కారింది.

భద్రాచలం మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి నూకరాజు వైద్యుడిలా గొంతు సవరించుకున్నాడు. రాత్రికి కారు కింద ఓ అట్ట వెయ్యమన్నాడు. పొద్దున్న దాని రంగు చూసి చెప్తే రోగం తేలిపోతుందట. నల్లగా ఉంటే ఇంజను నూనె, పచ్చగా ఉంటే రేడియేటరు నీళ్ళు, తెల్లగా ఉంటే ఉత్త ఏసీ నీళ్ళు, దానికేం భయం లేదట.

“అట్టు వెయ్యమన్నాడు సరే, ఏ అట్టో చెప్పలేదేం?” అంది సూరమ్మ. ఇంట్లో పెసలు నానబోసి ఉన్నాయి. అంతే, బండిచక్రమంత పెసరట్టు వేసి, అల్లం, ఉల్లిపాయ ముక్కలు కూడా చల్లి, కారు కింద పరిచింది.

పొద్దున్నే ముగ్గురూ బోర్లా పడుకుని తొంగిచూశారు. పచ్చగా ఉంది. నడిమధ్య మాత్రం చేటంత నల్లటి మచ్చ.

“ఆ నలుపేమిటే?”

“కాస్త మాడింది,” అంది సూరమ్మ నేలచూపులు చూస్తూ.

“నీ చేతి అట్టు మాడందెప్పుడులే,” అని, భద్రాచలం పచ్చగా ఉందని నూకరాజుకి చెప్పేశాడు. అయితే రేడియేటరులో నీళ్ళు పొయ్యండన్నాడు నూకరాజు. ఎన్ని పొయ్యాలో చెప్పలేదు. ఊరి బావి అడుగు కనిపించేదాకా పోశారు.

మాడిందన్న మాట సూరమ్మకి గుచ్చుకుంది. గురువారం రాత్రి పెనం తళతళా తోమి, మినప్పిండి రుబ్బి, వెన్నెల ముక్కలాంటి మినపట్టు వేసి కారు కింద పెట్టింది. ఈలోపు కారులో నూనె ఆఖరి బొట్టుదాకా అయిపోయింది. ఇంకేముంది, పొద్దున చూస్తే అట్టు మల్లెపూవే.

“చూశావా, మాడలేదు.”

“కారడమూ ఆగింది,” అని భద్రాచలం మురిసిపోయాడు. తెల్లగా ఉంటే ఇంకేం భయం, బయల్దేరండన్నాడు నూకరాజు.

పెళ్ళికొడుకు వరహాల్నీ, మావయ్యనీ ఎక్కించుకుని బయల్దేరారు. కాస్త దూరం వెళ్ళేసరికి భద్రాచలం ఎదురుగా ఎర్రగా చిన్న దీపం బొమ్మ వెలిగింది.

“అన్నయ్యా, శుభకార్యమని కారే దీపం పెట్టిందిరా,” అన్నాడు ముత్యాలు. అందరూ దండం పెట్టుకున్నారు. పాపారాయుడు తలపాగా కూడా తీశాడు. తర్వాత లోపల డబడబమని మోత. మేళం మొదలైందనుకున్నారు. తర్వాత పొగ. సాంబ్రాణి అనుకున్నారు. తర్వాత కారు ఓ మూలుగు మూలిగి, ఆడపెళ్ళివారి ఊరు కనుచూపులో ఉండగా నిలబడిపోయింది.

ఫోనులో నూకరాజు గొంతు పీలగా వచ్చింది. “నూనె లేక ఇంజను పట్టేసిందండీ. ఇక కదలదు. నల్లగా కారుతుంటే వెంటనే నూనె పొయ్యాలని తెలీదా?”

ఆ మాట భద్రాచలం గుండెల మీద రాసుకున్నాడు.

ముహూర్తం దగ్గరపడింది, నడిచిపోదాం పదండన్నాడు పాపారాయుడు. భద్రాచలం ఒప్పుకోలేదు. కారులోంచి దిగాలన్న మాట దిగాల్సిందే. అంతే, అందరూ కలిసి తోశారు. ఎత్తు రాగానే పెళ్ళికొడుకు కూడా దిగి, పొగలో, మసిలో భుజం పెట్టాడు. మండపం ముందుకి రాగానే భద్రాచలం వరహాల్ని ఈ తలుపులోంచి ఎక్కించి, ఆ తలుపులోంచి దింపాడు. పాపారాయుడు అతని వీపు మీద తట్టి, “మాట నిలబెట్టావురా,” అన్నాడు. భద్రాచలం మండపం కప్పుకి తల తగిలేంత ఎత్తు పెరిగాడు.

ముహూర్తం మించిపోతోందని వరహాలు మొహమైనా కడుక్కోకుండా పీట మీద కూర్చుని, తాళిబొట్టు చేతిలోకి తీసుకున్నాడు. మసి మొహం, పైన చెమట. బాసికం కిందనుంచి ధారగా నల్లగా కారుతోంది. మూడో ముడి దగ్గర దారం చిక్కుపడి చేతులు ఆగిపోయాయి.

భద్రాచలం తొంగిచూశాడు. నల్లగా కారుతున్నాడు. పట్టేస్తున్నాడు. ఇక కదలడు. పుట్టిన తర్వాత మొట్టమొదటిసారి ఆలోచించకుండా అడుగేసి, వంటశాలకి పరుగెత్తి, గారెల కోసం తెచ్చిన నూనె డబ్బా మూత పీకి, తెచ్చి పెళ్ళికొడుకు నెత్తిన ఆఖరి బొట్టుదాకా పోసేశాడు.

నూనెకి దారం సర్రున జారి ముడి పడింది. మండపమంతా నోరు తెరిచి చూస్తోంది.

“ఇక భయం లేదు మావయ్యా,” అన్నాడు భద్రాచలం రొప్పుతూ. తర్వాత పెళ్ళికూతురి తల్లి వైపు తిరిగి చేతులు జోడించాడు. “ఎందుకైనా మంచిది, అత్తయ్యగారూ, ఈ రాత్రికి అల్లుడి కింద ఓ అట్టు వెయ్యండి.”

“మినపట్టే వెయ్యండి,” అంది వెనకనుంచి సూరమ్మ. “మాడనివ్వకండి.”