నలభై గోతుల బీదవాడు

ఒకానొక మహాసముద్రంలో రెండు దీవులుండేవి. తెల్లవారగానే ఇక్కడ పడవెక్కితే పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అక్కడ దిగవచ్చు. అంతే దూరం. ఒకదాని పేరు తమువా, రెండోదాని పేరు మోతులీ.

తమువా కొండదీవి. కొండ మీద అడవి, అడవిలోంచి దిగే ఏరు, ఏటి పక్కన చేమదుంపల మళ్ళు, ఊరి చుట్టూ సీమపనస చెట్లు. మోతులీ ఇసకదీవి. పెద్ద అల వస్తే ఈ ఒడ్డున ఎక్కి ఆ ఒడ్డున దిగిపోతుందేమో అన్నంత పల్లం. కొబ్బరిచెట్లు, మొగలిపొదలు తప్ప అక్కడ ఇంకేమీ పెరగవు. తాగడానికి వాననీళ్ళు, తినడానికి చేపలు.

తమువాకు రాజు మహువారి. మనిషి చెడ్డవాడు కాడు, కాని గొప్పలు జాస్తి. ఆ దీవిలో ఒక ఆచారముంది. కాపు ఎక్కువైనప్పుడు సీమపనస పళ్ళను తొక్క తీసి, ఆకులు పరిచిన గోతుల్లో పూడ్చిపెడతారు. లోపల అది పులిసి ముద్దవుతుంది, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. తుపానుకు చెట్లు కూలిన ఏడు ప్రాణాలు నిలిపేది ఆ ముద్దే. ఊళ్ళో ఇంటికొక గొయ్యి ఉండేది. రాజుకు నలభై ఉండేవి. వాటి చుట్టూ బల్లేలు పట్టుకున్న కాపలావాళ్ళు. మహువారి పొద్దున్నే పక్షి ఈకల అంగీ తొడుక్కుని, ఒక్కొక్క గొయ్యినీ పాదంతో తట్టి చూసుకుంటే గాని మంచినీళ్ళు ముట్టేవాడు కాదు.

ఆయన కొలువులో తఫిలి అనే మాటకారి ఉండేవాడు. ఆ దీవుల్లో రాజు పరాయివాళ్ళతో నేరుగా మాట్లాడడు. మెల్లగా చెవిలో చెబితే, చేతికర్ర పట్టుకుని లేచి నిలబడి దాన్ని నలుగురికీ వినిపించే మనిషి ఒకడుంటాడు. తఫిలి చేసే ఉద్యోగం అది. రాజు మాట ఎంత మొరటుగా వచ్చినా కాస్త నునుపు చేసి చెప్పడం అతని నేర్పు.

ఒక ఏడు తుపాను వచ్చి తగ్గిన వారానికి మోతులీ నుంచి కోలియో అనే పడవవాడు కొలువుకు వచ్చాడు. పది మొగలి చాపలు కానుకగా పరిచి చేతులు జోడించాడు.

"మా పెద్ద పడవ పగడపు దిబ్బకు కొట్టుకుని రెండుగా చీలిపోయింది దొరా. ఉన్న చిన్న పడవలు గాలి లేనినాడు ఇక్కడిదాకా రాగలవు గాని, బయటి అలల్లో వేటకు నిలవలేవు. పెద్ద చేపలేమో బయటి సముద్రంలో ఉంటాయి. మా ఇసకలో పడవకు సరిపడే మాను పెరగదు. మీ కొండ మీద ఒక్క మాను ఇప్పిస్తే మా పిల్లాజెల్లా కడుపునిండా తింటారు."

మహువారి చాపల్ని చూశాడు. నలభై గోతులున్నవాడికి పది చాపలా అనుకున్నాడు. తఫిలి చెవిలో ఏదో చెప్పాడు. తఫిలి ముఖం వాడిపోయింది. నునుపు చేయడానికి ఆ మాటలో చోటు లేదు.

"రాజుగారు సెలవిస్తున్నారు" అన్నాడు లేచి. "మీ పెద్ద లూపే అవ్వ ఇక్కడికి వచ్చి, ఈ కొలువులో నిలబడి, 'మేము బీదవాళ్ళం' అని ముమ్మారు అనాలట. అప్పుడు మాను సంగతి ఆలోచిస్తారట."

కోలియో కాసేపు తల గోక్కున్నాడు. "అనడానికేం, అంటుంది. కాని బీద అంటే ఏమిటండీ? మావైపు ఆ మాట లేదు. చేపా? పిట్టా?"

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ముఖం ఎర్రబడింది. కోలియోను పంపించేసి తఫిలిని దగ్గరికి పిలిచాడు.

"విన్నావా ఎగతాళి? నువ్వు మోతులీకి పో. అక్కడ అందరికంటే బీదవాడెవడో వెతికి, వచ్చే పున్నమినాటికి నా ముందు నిలబెట్టు. వాణ్ణి చూపించి ఆ మాటకు అర్థం నేర్పుతాను. తేలేకపోయావో, నీ చేతికర్ర ఇంకొకడికి ఇస్తాను. మాను ఊసు మళ్ళీ ఎత్తవద్దు."

"ఆ దీవిలోనే వెతకాలా ప్రభూ? బీదవాడు ఎక్కడ దొరికినా సరేనా?"

"ఎక్కడైతే నాకేం? బీదవాళ్ళందరిలోకీ బీదవాడు కావాలి. నా ముందుండాలి."

"చిత్తం" అన్నాడు తఫిలి.

మోతులీలో పడవ దిగగానే తఫిలి చేతిలో ఒకరు కొబ్బరిబోండాం పెట్టారు. ఇంకొకరు అతని పాత చాప తీసుకుని కొత్తది ఇచ్చారు. ఏ ఇంటి ముందు ఆగినా తిని వెళ్ళమన్నారు. చేపల పడవ ఒడ్డుకు రాగానే ఊరంతా చేరింది. ముసలివాళ్ళకు, బాలింతలకు ముందు తీసిపెట్టి తక్కింది ఇంటింటికీ పంచేశారు. సాయంత్రానికి ఒక్క తోక మిగల్లేదు.

"రేపటికి కాస్త దాచుకోరా?" అని అడిగాడు తఫిలి.

కోలియో నవ్వాడు. "ఈ ఎండకు చేప రేపటిదాకా ఆగుతుందా? పక్కింటివాడి కడుపులో దాచామనుకోండి, పాడవదు. రేపు వాడికి చేప పడుతుంది, నాది నాకు తిరిగొస్తుంది."

ఈ మాట తఫిలికి భలే నచ్చింది. కాని నాలుగో రోజున ఇంకొక సంగతి కనిపెట్టాడు. తాను బస చేసిన కోలియో ఇంట్లో రోజూ తన ఆకులో పెద్ద ముక్క పడుతోంది. ఇంటివాళ్ళ ఆకుల్లో వేలెడంత. ఆ పూట కోలియో భార్య ఆకులో అదీ లేదు. కొబ్బరినీళ్ళు తాగి, నాకు ఆకలి లేదంటూ లేచిపోయింది. పెద్ద పడవ లేకపోతే ఎలా ఉంటుందో తఫిలికి అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున లూపే అవ్వ ఇంటికి వెళ్ళాడు. దీవికంతటికీ పెద్ద ఆవిడ. ఇంట్లో చూస్తే ఒక చాప, ఒక నీళ్ళ బుర్ర.

"అవ్వా, ఊరికి పెద్దవు కదా. ఇంట్లో ఏమీ లేదేం?"

"లేకేం నాయనా, బోలెడుంది. నా చాపలు ఆ ఇంట్లో ఉన్నాయి. నా వలలు ఈ ఇంట్లో ఉన్నాయి. అన్నీ నా ఇంట్లోనే పెట్టుకుంటే నేనెక్కడ పడుకోను?"

తఫిలి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. "అవ్వా, ఒక మాటకు అర్థం చెప్పాలి. ఎవరిని చూస్తే నీకు అయ్యో పాపం అనిపిస్తుంది?"

"ఎవరూ లేనివాణ్ణి చూస్తే. ఆపద వస్తే నాకెవరు పెడతారు అని భయపడేవాణ్ణి చూస్తే. అలాంటివాడే కదా తిండిని దాచుకునేది! కాని అంత ఏకాకి ఎక్కడుంటాడులే."

"ఉన్నాడవ్వా" అన్నాడు తఫిలి. "మా దీవిలో ఒకాయన నలభై గోతులు తవ్వి తిండి పూడ్చిపెట్టుకున్నాడు."

"నలభయ్యా!" అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చుట్టూ కాపలా కూడా పెట్టుకున్నాడు. పొద్దున లేవగానే వాటిని తడిమి చూసుకుంటే గాని నీళ్ళు ముట్టడు."

అవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాపం, ఎంత భయపడుతున్నాడో బిడ్డ! పక్కనే ఉండి కూడా మేం కనుక్కోలేదే! పద, ఇప్పుడే అందరికీ చెబుదాం."

తఫిలి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పేరు మాత్రం చెప్పలేదు.

పున్నమినాడు మధ్యాహ్నం తమువా కొలువు నిండుగా ఉంది. మహువారి ఈకల అంగీలో కూర్చున్నాడు. తీరం నుంచి శంఖం వినిపించింది. ఏడు చిన్న పడవలు వచ్చాయి. ముందు తఫిలి, వెనక లూపే అవ్వ, ఆ వెనక మూటలు మోస్తూ మోతులీ జనం నడిచి వచ్చారు.

రాజు ముసిముసిగా నవ్వుకుంటూ తఫిలి చెవిలో, "తెచ్చావా?" అన్నాడు.

"ఉన్నాడు ప్రభూ. బీదవాళ్ళందరిలోకీ బీదవాడు ఈ క్షణాన మీ కొలువులోనే ఉన్నాడు."

"ఏడీ?"

తఫిలి జవాబు చెప్పేలోగా లూపే నేరుగా రాజపీఠం దగ్గరికి నడిచింది. రాజు కాళ్ళ ముందు చాపలు దించింది. కాల్చిన చేపలు దించింది. కొబ్బరికాయల గుత్తులు, పీచు తాళ్ళ చుట్టలు పేర్పించింది. తర్వాత రెండు చేతులా రాజు బుగ్గలు నిమిరింది.

"భయపడకు నాయనా. ఇకమీద నీకు మేమున్నాం."

రాజును ఎవరైనా ముట్టుకోవడం ఆ దీవిలో ఎవరూ చూసి ఎరగరు. మహువారి ఆచారం మరిచి తానే అరిచాడు.

"తఫిలీ! ఏమిటిది?"

"మీ ఆజ్ఞే ప్రభూ. బీదవాణ్ణి వెతకమన్నారు గాని, ఏ కొలతతో వెతకాలో సెలవివ్వలేదు. మన కొలతతో చూద్దామంటే ఆ మాటే వాళ్ళకు తెలియదాయె. అందుకని వాళ్ళ కొలతతో వెతికాను. దాచుకోవలసి వచ్చినవాడే బీదవాడట. మోతులీ అంతా గాలించాను, ఒక్కడు దొరకలేదు. అప్పుడు మన దీవి గుర్తొచ్చింది."

"నేను బీదవాణ్ణా? నాకు నలభై గోతులున్నాయని చెప్పలేదా వీళ్ళకు?"

"చెప్పాను ప్రభూ. అది విన్నాకే ఏడ్చారు."

వెనక వరసలో ఒక ముసలి సేనాని దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ భిక్ష నాకక్కర్లేదు. తీసుకుపొమ్మను!" అన్నాడు రాజు.

తఫిలి గొంతు తగ్గించాడు. "తెచ్చిన కానుక తిప్పి పంపితే యుద్ధం ప్రకటించినట్టు. అది రెండు దీవులకూ ఒకటే మర్యాద. పుచ్చుకుని ఊరుకుంటే మీరు ఆవిడ పెట్టింది తిన్నవారవుతారు. అంతకు మించింది తిరిగి ఇస్తేనే మన తల పైన ఉంటుంది."

మహువారి పళ్ళు పటపటలాడించాడు. "అయితే ఇస్తాను. అన్నిటికంటే పాత గొయ్యి తవ్వించు. పన్నెండేళ్ళ ముద్ద! అంతకు మించింది ఏ రాజు దగ్గరుందో చూద్దాం."

గొయ్యి తవ్వి ముద్దను ఆకులు కప్పిన బుట్టలో తెచ్చారు. ఆకు మూత తీయగానే పులుపు ఘాటు కొలువంతా కమ్ముకుంది. ముందు వరసవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. లూపే మర్యాదగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుపోయాయి. ముఖం ఎండిన కొబ్బరికాయలా ముడుచుకుంది. ఎలాగో మింగి, గుటకలు వేసి, కోలియో వైపు తిరిగింది.

"అయ్యయ్యో! బిడ్డ తింటున్నది ఇదా! ఒరే, మన తిరుగుప్రయాణానికని దాచిన చేపలు కూడా దించేయండిరా!"

మహువారి ఆవిడ ముఖం చూశాడు. ముద్దను చూశాడు. తానూ వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ గోతులకు కాపలా కాయించాడు గాని, వాటిలోది ఎన్నడూ రుచి చూడలేదు. ఆయన ముఖం కూడా అలాగే ముడుచుకుపోయింది. అలా ముడుచుకున్న ముఖంతోనే ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. ఈకల అంగీ జారిపోయేటట్టు పడీ పడీ నవ్వాడు. రాజు నవ్వాక ఇంక కొలువుకు అడ్డేముంది!

"అవ్వా, చాలు, చాలు. ఇంకొక చేప దించావంటే నేను తల ఎత్తుకోలేను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కొండ మీద అన్నిటికంటే ఎత్తయిన మాను నీది. చెక్కడానికి మా వడ్రంగుల్ని కూడా పంపుతాను. సరిపోతుందా?"

"సరిపోతుంది నాయనా. కాని ఇచ్చేస్తే నీకు బెంగ పుట్టదు కదా?"

"పుట్టదవ్వా."

ఇంతలో కోలియో కూడా ఆ ముద్ద రుచి చూశాడు. వెంటనే మింగేయలేదు, నెమ్మదిగా నమిలాడు. "అవ్వా, ఇది నవ్వుకోవలసిన వస్తువు కాదు" అన్నాడు. "చేప పడని నెలల్లో, దూరపు ప్రయాణాల్లో, పాడవని తిండి మనకేది? ఇది పడవలో ఉంటే ఎన్నాళ్ళయినా పోవచ్చు. దొరా, మేం చేపలు తెచ్చిచ్చి మీ పళ్ళు పట్టుకెళతాం, ఎలా చేస్తారో మాకూ నేర్పించండి."

మహువారికి ఆ మాట మాను ఇచ్చినదానికంటే ఎక్కువ తృప్తినిచ్చింది. అప్పటికప్పుడు రెండు గోతుల ముద్ద తవ్వించి వాళ్ళ పడవల్లోకి ఎక్కించాడు.

జనం తీరానికి కదిలాక రాజు తఫిలిని ఆపాడు.

"నిజం చెప్పు. ఆ అవ్వ నా బుగ్గలు నిమిరినప్పుడు నీకు భయం వేయలేదా?"

"వేసింది ప్రభూ. మీరు నవ్వకపోతే నా చేతికర్ర పోయేది. కాని అక్కడ ఒక ఇల్లాలు పస్తుండి నాకు చేప పెట్టింది. దానికంటే ఈ భయం చిన్నదనిపించింది."

మహువారి తన మెడలోని తిమింగలం పంటి హారం తీసి తఫిలి మెడలో వేశాడు. ఏటి ఒడ్డున మంచి చేమదుంపల మడి ఒకటి అతనిదేనని కొలువంతా వినేలా ప్రకటించాడు.

మూడు నెలలకు పడవ తయారైంది. రెండు దీవుల జనం కలిసి పాడుతూ దాన్ని నీళ్ళలోకి లాగారు. తఫిలి తన మడిలో తవ్విన దుంపలు రెండు బుట్టలు మోసుకుపోయి కోలియో భార్య ముందు పెట్టాడు. ఆ సాయంత్రం పెద్ద పడవ బయటి సముద్రం నుంచి మనిషంత చేపలతో తిరిగొచ్చింది. మోతులీలో పొయ్యి రాజని ఇల్లు లేదు, కడుపు నిండని మనిషి లేడు.