గంధవరం సంతలో పిడికెడు ఉప్పు

అనగనగా, పరమాత్ముడి చల్లని చూపువల్ల వానలు వేళకు కురిసి, సంతలు వారం తప్పకుండా సాగే కాలంలో, గంధవరమని ఒక రాజ్యం ఉండేది. కాస్త ముందుకు జరగండి నాయనా, వెనక ఉన్న అమ్మలకు కూడా వినబడాలి.

గంధవరానికి సముద్రం దూరం. అక్కడి వాళ్ళు ఉప్పు కళ్ళచూడాలంటే తీరం నుంచి బండి రావలసిందే. అలా వచ్చే బండ్లలో నూకాలు బండి ఒకటి. దానికి కట్టిన ఎద్దు పేరు బసవడు. ఆ రోజుల్లో ఎద్దులు మాట్లాడేవి. ఈ బసవడు కాస్త ఎక్కువే మాట్లాడేవాడు.

నూకాలు ఊళ్ళో పైరు లేదు, పంట లేదు. ఉన్నవల్లా ఉప్పుమడులే. వానలు పడ్డాయంటే అవీ మునిగిపోతాయి. అందుకని ఎండలుండగానే ఉప్పు తీసుకెళ్ళి సంతలో ఇచ్చి, బదులుగా ధాన్యం తెచ్చుకోవాలి. ఆ ధాన్యం మీదే వానాకాలమంతా ఇంటిల్లిపాదీ బతకాలి. ధాన్యం తగ్గిందా, పిల్లల కంచాల్లో గంజి పలచబడుతుంది.

గంధవరం సంతకు ఒక ఆచారం ఉండేది. బయటి సరుకు ఏది వచ్చినా మూడుచోట్ల తలా ఒక పిడికెడు ఇవ్వాలి. కోట వాకిట్లో రాజుగారికి ఒక పిడికెడు, బాటలు బాగుచేసినందుకు, దొంగలు రాకుండా కాపలా కాసినందుకు. కోవెల ముందు స్వామికి ఒక పిడికెడు, ఆయన పేరుమీద ఆకలిగా వచ్చినవాళ్ళకు అన్నం పెట్టినందుకు. సంత మొదట్లో తోలుబొమ్మల మేళానికి ఒక పిడికెడు, పండగనాడు ఊరందరికీ ఆట చూపించినందుకు. ఎంత చక్కని ఏర్పాటు! నూకాలు అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ మూడు పిడికెళ్ళూ నవ్వుతూ ఇచ్చింది.

ఇంతలో కోట వాకిట్లోకి సుంకం వసూలు చెయ్యడానికి కొత్త సుంకరి వచ్చాడు. అతను ఆ ఆచారం రాసి ఉన్న శాసనం చదివి, తల పంకించి, "పిడికెడు అన్నారు బాగానే ఉంది. చెయ్యి ఇంతే ఉండాలని ఎక్కడా అనలేదే!" అన్నాడు. అని ఊరుకోక, చేటలంత చేతులున్న ఒక జెట్టిని తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

అది చూసి కోవెల వ్యవహారాలు చూసే పారుపత్యదారు, "రాజు కంటే దేవుడు తక్కువా?" అని రథం తాళ్ళు లాగే మోటు మనిషిని తెచ్చాడు. స్వామి అడిగాడా? సముద్రమే ఆయనదాయె, ఆయనకు ఉప్పుకు కరువా? అయినా తెచ్చాడు. అది చూసి మేళపెద్ద, "కళ అంటే అందరికీ అలుసైపోయింది!" అని తన మేళంలో డోలు వాయించే భారీ మనిషిని కూర్చోబెట్టాడు.

ఇక చూడండి నూకాలు అవస్థ. మూడుచోట్లా మూడు చేతులు బస్తాలో దిగి లేచేసరికి బండి సగం ఖాళీ!

"అమ్మా, ఈ ఊరు బలే ఊరే. అడుగడుక్కీ బరువు తగ్గిపోతోంది. నా మెడకు ఎంత హాయిగా ఉందో!" అన్నాడు బసవడు.

"నోర్ముయ్యరా! నీ మెడ హాయికి నా పిల్లలు పస్తులుండాలా?" అంది నూకాలు తల కొట్టుకుంటూ.

బండి వెనక్కి తిప్పి సుంకరి దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, ఇదేం పిడికెడు బాబూ?"

"శాసనం ప్రకారం పిడికెడే కదే తీసుకున్నాం! కోవెలవాళ్ళను తగ్గించమను, నేనూ తగ్గిస్తాను."

పారుపత్యదారు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవులు మూసుకున్నాడు. "అపచారం తల్లీ! స్వామి వాటా తగ్గించమంటావా? ఆ బొమ్మలాట వాళ్ళను అడుగు. వాళ్ళు ఆడేది ఏడాదికొక్క ఆట!"

మేళపెద్ద దగ్గరికి వెళ్ళింది. అతను నిట్టూర్చాడు. "మేమంటే నీకూ లోకువే కదా అక్కా? ముందు రాజుగారి మనిషిని తగ్గించమను, చూద్దాం."

నూకాలు మళ్ళీ కోట వాకిలి వైపు బండి తిప్పింది.

"ఇక్కడికి ఇందాకే వచ్చాం కదమ్మా?" అన్నాడు బసవడు.

"వచ్చామురా. రేపు కూడా వస్తాం. ఈ ముగ్గురి చుట్టూ తిరగడానికే పుట్టాం నువ్వూ నేనూ!"

ఆ వారం ధాన్యం మూట విప్పి చూసుకుని, నూకాలు గంజిలో ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

పై వారం సంతకు చింతపండు బండి రాలేదు. ఆపై వారం బెల్లం బండి రాలేదు. వచ్చేవాళ్ళు తగ్గితే రాబడి తగ్గుతుంది కదా? తగ్గింది. అప్పుడు ఆ ముగ్గురు పెద్దలూ కూర్చుని ఆలోచించి ఏం తేల్చారంటారు? "రాబడి పడిపోయింది, ఇంకా పెద్ద చేతులు కావాలి" అని తేల్చారు! నవ్వకండి నాయనా, వాళ్ళు నవ్వుతూ అన్న మాట కాదది.

సంగతి నూకాలు చెవిన పడింది. విసుగు నెత్తికెక్కింది. తన ఇంటి వాకిట్లో కూలబడి, "స్వామీ, నాకు కోపమిచ్చావు సరే, దాన్ని ఏం చేసుకోవాలో కూడా నువ్వే చెప్పు" అని దండం పెట్టుకుంది. కాసేపటికి లేచి తిన్నగా కుమ్మరి ఇంటికి వెళ్ళింది.

పై సంతకు నూకాలు బండిలో బస్తాలు లేవు. బొజ్జలు పెద్దగా, మూతులు సన్నగా ఉన్న కుండలున్నాయి. వాటి నిండా ఉప్పు.

కోట వాకిట్లో జెట్టి వేళ్ళు దగ్గరగా ముడిచి, నెట్టి నెట్టి కుండలోకి చెయ్యి దూర్చాడు. నిండుగా పిడికిలి బిగించాడు. లాగాడు. రాలేదు. గుంజాడు. కుండ చేతితోపాటు లేచి వచ్చింది గాని చెయ్యి రాలేదు.

"కుండ పగలగొట్టు!" అన్నాడు సుంకరి.

"పగలగొడితే ఊరుకోను బాబూ. శాసనంలో పిడికెడని ఉంది గాని కుండ అని లేదు!" అంది నూకాలు.

"పోనీ వదిలెయ్యరా!" అన్నాడు సుంకరి.

"వదిలితే సర్కారు సొమ్ము వదిలినట్టు కాదా అయ్యా?" అన్నాడు జెట్టి.

కోవెల ముందు రథం తాళ్ళ మనిషి, "వాడికి చేతకాలేదు, నేను తీస్తా చూడు" అని చెయ్యి పెట్టాడు. ఇరుక్కున్నాడు. సంత దగ్గర డోలు మనిషి, "మాది కళాకారుల చెయ్యి, సుతారంగా వస్తుంది" అని పెట్టాడు. అతనూ ఇరుక్కున్నాడు. ముగ్గురిలో ఒక్కరూ పిడికిలి విప్పనన్నారు. చేతికొక కుండతో ముగ్గురూ, వాళ్ళ వెనక పెద్దలు ముగ్గురూ, అందరికంటే ముందు నూకాలు బండి, ఊరేగింపులా రాజసభకు చేరారు.

మహీధర మహారాజు అప్పటికే చిరాకుగా ఉన్నాడు. ఆ పూట పాయసంలో తీపి లేదు, చారులో పులుపు లేదు. "ఏమిటీ వేషాలు?" అన్నాడు. ముగ్గురు పెద్దలూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. రాజు నుదురు పట్టుకుని, "ఆగండయ్యా! అమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు.

నూకాలు జరిగినదంతా చెప్పింది.

"అయితే ఆ మూడు పిడికెళ్ళూ తీసెయ్యమంటావా?" అన్నాడు రాజు.

"అయ్యో, అనను దొరా! బాట లేకపోతే నా బండి రాదు. స్వామి ముంగిట కడుపునిండా తిన్న రోజులున్నాయి. బొమ్మలాట చూసి నా పిల్లలు నెల్లాళ్ళు చెప్పుకున్నారు. ఇవ్వనన్నానా? ఇస్తానంటున్నాను. ఇచ్చాక నాకూ నాలుగు గింజలు మిగలనివ్వండి అంటున్నాను, అంతే!"

రాజుకు ఆ కుండల సంగతి నమ్మబుద్ధి కాలేదు. సింహాసనం దిగి వచ్చి తానే ఒక కుండలో చెయ్యి పెట్టాడు. నిండుగా పిడికిలి పట్టాడు. లాగాడు. రాలేదు.

సభలోవాళ్ళంతా నోటికి పైపంచె అడ్డం పెట్టుకున్నారు. మహారాజుగారి చెయ్యి ఉప్పు కుండలో ఇరుక్కుంది! నవ్వితే తల పోతుంది, నవ్వకపోతే ప్రాణం పోయేలా ఉంది.

రాజు ఒకసారి కుండను చూశాడు, ఒకసారి కుండలు పట్టుకున్న ఆ ముగ్గురినీ చూశాడు. తన చెయ్యీ వాళ్ళ చేతుల్లాగే ఉంది. మెల్లగా పిడికిలి విప్పాడు. చెయ్యి సులువుగా బయటికి వచ్చింది.

రాజే వదిలాక ఇక ఎవరు పట్టుకుంటారు? జెట్టి వదిలాడు, రథం తాళ్ళ మనిషి వదిలాడు, డోలు మనిషి వదిలాడు.

"అమ్మా, ఇప్పుడు నువ్వు తియ్యి" అన్నాడు రాజు.

నూకాలు చిన్న చెయ్యి కుండలోకి వెళ్ళింది, నిండు పిడికిలితో బయటికి వచ్చింది. రాజుకొకటి, స్వామికొకటి, మేళానికొకటి, మూడు పిడికెళ్ళూ తీసి ఆవిడే ఇచ్చింది, సంతోషంగా.

"నేటి నుంచి పిడికెడంటే ఇచ్చేవారి పిడికెడు. ఇదే శాసనం!" అన్నాడు రాజు.

సుంకరి నసిగాడు. "ప్రభూ, ఇచ్చేవాళ్ళ చేతులు మరీ చిన్నవైతే ఖజానా ఏం కావాలి?"

"చిన్న చేతులైతేనేమయ్యా, ఎక్కువమంది వచ్చేలా బాటలు బాగుచెయ్యి! నీకు ఉద్యోగమిచ్చింది అందుకే కదా?" అని విసుక్కున్నాడు రాజు.

ఆ మాట ఊళ్ళు దాటింది. చింతపండు బండి వచ్చింది, బెల్లం బండి వచ్చింది, ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. చిన్న పిడికెళ్ళతోనే కోట కొట్లు, కోవెల గాదెలు, మేళం గంపలు నిండాయి. వానలు మొదలయ్యేసరికి నూకాలు ఇంట్లో గంజి చిక్కగా ఉంది.

కాబట్టి నాయనలారా, అమ్మలారా, రాజుకైనా, దేవుడి పేరిటైనా, కళకైనా అందరం ఇవ్వవలసిందే. కానీ ఆ ఇచ్చేదానికి కొలత పుచ్చుకునేవాడి చెయ్యి కాకూడదు, ఇచ్చేవాడి చెయ్యి కావాలి.