పెద్దమ్మ అడిగిన గరుకు టైల్స్

మౌలాలి మేస్త్రి ఇంటి బాత్రూంలో టైల్స్ వేస్తున్న సుంకన్నకి మూల దగ్గర సన్నటి ముక్క కుదరడం లేదు. కోసిన ప్రతిసారీ పుటుక్కున విరుగుతోంది.

ఆదోనిలో టైల్స్ పనికి సుంకన్నది పెద్ద పేరు. ఆ పని నేర్పింది మౌలాలి మేస్త్రే. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పని మానేశాడు.

ఎండాకాలంలో మేస్త్రి భార్య ఖాసింబీ సుంకన్నని పిలిచింది.

"బాత్రూంలో నున్నటి బండలు నాయనా, కాలు జారుతోంది. గరుకుగా ఉండే చిన్న టైల్స్ వేసిపెట్టు."

"ఈ అపార్ట్‌మెంటు పని కానీ పెద్దమ్మా, వచ్చేస్తా."

ఆ అపార్ట్‌మెంటు అయ్యాక ఇంకోటి వచ్చింది. చిన్న పనే కదా, ఎప్పుడైనా చేయొచ్చనుకున్నాడు.

వానాకాలంలో ఖాసింబీ ఆ బండల మీదే జారిపడింది. తుంటి విరిగింది. మంచం మీంచి మళ్లీ లేవలేదు.

ఆమె పోయిన నలభయ్యో దినం ఫాతెహా అయిన మర్నాడే, ఎవరూ పిలవకుండా, సుంకన్న సామాను పట్టుకుని వచ్చాడు. మేస్త్రి తలుపు తీశాడు. పక్కకి జరిగి దారిచ్చాడు.

పొద్దున్నించీ సుంకన్న నీళ్లు కూడా ముట్టలేదు. ముక్క మళ్లీ విరిగింది. మిగిలిన వేలెడు ముక్కని ఒక చేత్తో నేలకి అదిమిపట్టి, ఇంకో చేత్తో కటింగ్ మిషను ఆనించాడు. బ్లేడు ఎగదన్నింది. వేలి చివర చీరుకుపోయి రక్తం కారింది. తుడుచుకోకుండానే మళ్లీ ఆనించబోయాడు.

మిషను ఆగిపోయింది. తిరిగి చూస్తే మేస్త్రి చేతిలో ప్లగ్గు.

"పెట్టు మేస్త్రీ. వేలు పోతే పోనీ. నేను చేసినదానికి..."

"నీ వేలు తీసుకుని నేనేం చేసుకోనురా?"

మేస్త్రి వణికే చేతులతోనే వేలికి గుడ్డ కట్టాడు. కళ్లలో పెచ్చులు పడకుండా కళ్లద్దాలు తెచ్చి సుంకన్నకి పెట్టాడు. నిండు టైలు ఒకటి తీసి, చెక్క మీద పెట్టి, కదలకుండా క్లాంపుతో బిగించాడు.

"ముక్కని మళ్లీ ముక్క చెయ్యకు. నిండుదాన్ని బిగించి, దాని అంచునించి సన్నగా దింపు. నిదానంగా. ఇప్పుడు తొందర ఎవరికి?"

మేస్త్రి ప్లగ్గు మళ్లీ పెట్టాక సుంకన్న మెల్లగా కోశాడు. ఈసారి ముక్క విరగలేదు.

టైల్స్ కింద సిమెంటు ఆరాక మేస్త్రి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చెంబుతో నేలంతా నీళ్లు పోశాడు. ఆ తడిలో ఉత్తకాళ్లతో నిలబడి అరికాలు ఇటూ అటూ రుద్ది చూశాడు.

"జారడం లేదురా," అన్నాడు.