రోమను కావాలనుకున్న గోథు రాజు

రోమా సామ్రాజ్యం కూలిన కొత్తలో, పడమటి సీమలో ఒక రాజ్యం ఉండేది. ఉత్తరాది నుంచి ఈటెలు పట్టుకుని దిగిన గోథులు దాన్ని ఏలుకునేవారు. ఓడిన రోమనులతో వాళ్ళొక కట్టుబాటు పెట్టుకున్నారు. రోమను ఇల్లు ఎవరిదైనా సరే, అందులో మూడోవంతు ఒక గోథుకి చెందుతుంది.

రాజు పేరు వాల్డెరిక్. గద్దెనెక్కిన కొన్నాళ్ళకి ఆయనకి రోమను పిచ్చి పట్టుకుంది. గడ్డం గొరిగించాడు, ఊదారంగు వస్త్రం చుట్టాడు. "నేటినుంచి నేను రోమనుణ్ణి. నన్ను గోథు అన్నవాడు పొద్దుగుంకేలోగా రాజ్యం విడిచిపోవాలి" అని చాటింపు వేయించాడు. ఆ వస్త్రం భుజం మీద నిలిచేది కాదు గానీ, ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది?

మర్నాడు హద్దిల అనే ముసలాయన కొలువుకొచ్చాడు. రాజుకి చిన్నప్పుడు గుర్రమెక్కడం నేర్పినవాడు. అలవాటు కొద్దీ, "మా గోథు సింహం బాగున్నాడా?" అని పలకరించాడు. రాజు మొహం మాడ్చుకుని, చాటింపు ప్రకారం పంపేయమన్నాడు. బయట మంచు కురుస్తోంది. ఆ వయసులో సరిహద్దు కొండలు దాటితే ప్రాణం దక్కదు. అయినా రాజుకి అడ్డు చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఫ్రిదిల అనే కొలువుకాడు మాత్రం ఒక తాడు తెచ్చి, సింహాసనం దగ్గర్నుంచి మండపాన్ని కొలవసాగాడు.

"ఏమిటయ్యా ఆ పని?" అన్నాడు రాజు.

"నా వాటా చూసుకుంటున్నాను ప్రభూ. నాకింతవరకు ఏ రోమను ఇంట్లోనూ వాటా దొరకలేదు. తమరు నిన్న రోమనులయ్యారు, నేనింకా గోథునే. ఈ కోటలో మూడోవంతు నాది. ఈ సింహాసనం వైపైతే వెచ్చగా ఉంటుంది."

"మతి పోయిందా నీకు? ఇది గోథు గెలుచుకున్న కోట."

"ఆ గోథు ఎవరో సెలవిస్తే తాడు చుట్టేసుకుంటాను."

"నేనే. నేను గోథుని కానూ?" అని రాజు గద్దించాడు.

ఫ్రిదిల తాడు చుట్టేసి చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. అయితే ప్రభువులు త్వరగా బయల్దేరాలి, పొద్దు వాలుతోంది. హద్దిల తాత ఎలాగూ ఆ దారినే పోతున్నాడు, తోడుంటాడు."

రాజు పగలబడి నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దు చేశాడు. ఫ్రిదిలకి కోట పక్కన ఒక ఇల్లు, వాటాల గొడవ లేకుండా మొత్తంగా ఇప్పించాడు.

ఆపైన తనే వాకిలి దాకా వెళ్ళి, మూట భుజానికెత్తుకుంటున్న ముసలాయనని గోథు భాషలో పిలిచాడు. "లోపలికి రా తాతా, తిందువు గాని."

హద్దిల కదల్లేదు. "లోపల నిన్నేమని పిలవాలి నాయనా?" అని అడిగాడు.

"నీ నోటికి ఏదొస్తే అదే" అని రాజు ఆ మూట తన చేతుల్లోకి తీసుకున్నాడు.